తాయారు మూడు గదులు

స్టార్టు 4402. తొమ్మిదో గది. లేవడానికి పట్టిన సమయం: పదమూడు నిమిషాలు.

నా కూతుర్ని లేపిన ప్రతిసారీ నింపమని ఇచ్చిన ఈ పుస్తకంలో గమనికలకు రెండే గీతలు గీశారు. ఆసుపత్రివాళ్లు నన్ను మన్నించాలి, ఇది రెండు గీతల్లో పట్టే రోజు కాదు. నా కూతురు తాయారు ఈ ఉదయం నడుస్తూ మాట్లాడింది. మాట్లాడుతూ నడిచింది. ఆరేళ్లుగా ఈ రెండూ ఒకేసారి చూడలేదు నేను. డెబ్బై నాలుగేళ్లవాణ్ని, ఐదో తరగతి దాటనివాణ్ని, నలభై ఏళ్లు పంటు మీద జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చడం తప్ప ఇంకేమీ ఎరగనివాణ్ని. ఇంత సంతోషాన్ని ఎలా రాయాలో నాకెవరు నేర్పారు?

ఆసుపత్రి నుంచి జుబేదా గారు మొదటి పడవకే వచ్చారు. తాయారు ఎడమ చెవి వెనక ఉన్న బిళ్లకు తీగ తగిలించి కొత్త వెర్షన్ ఎక్కించారు. ఆ బిళ్ల రూపాయి కాసంత ఉంటుంది. కాలవ లాకు తలుపుల కింద నీళ్లలో చిక్కుకుని ఏడు నిమిషాలు ఊపిరాడక పడిపోయిన నా కూతుర్ని ఆ బిళ్లే లేపి కూర్చోబెట్టింది. అదొక కంప్యూటర్ అనీ, దాన్ని నడపడానికి ఆపరేటింగ్ సిస్టమ్ అనేది ఒకటి కావాలనీ, ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు వెర్షన్లు పక్కపక్కనే పెట్టుకోవచ్చనీ మొదట్లో చెబితే నాకు బోధపడలేదు. అప్పుడు జుబేదా గారే, "గదులనుకోండి బాబాయి గారూ. ఇల్లొకటే. ఒక గదిలో దీపం వెలిగితే మిగతా గదుల్లో చీకటి" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో అదే మాట.

నిన్నటి దాకా రెండు గదులు. పొద్దున్న ఐదో వెర్షన్‌లో లేపితే కాళ్లూ చేతులూ గట్టిగా ఉంటాయి, నాచు పెంచే మడుల్లో నడుము లోతు నీళ్లలో నిలబడి ఇద్దరి పని చేస్తుంది. మాట మాత్రం మూడు ముక్కలకు మించి రాదు. ఎండ సైరన్ మోగి జనమంతా ఇళ్లకు చేరాక ఆపి, ఎనిమిదో వెర్షన్‌లో లేపుతాను. అప్పుడు గలగలా మాట్లాడుతుంది గానీ కాళ్లు నిలవవు, కుర్చీలోనే కూర్చోవాలి. ప్రమాదానికి ముందు సంగతులు ఆమె సొంత తలలో ఉన్నాయి కాబట్టి ఏ గదిలో లేపినా ఉంటాయి. ఆ తర్వాతవన్నీ బిళ్లలోనే, ఏ గది రోజులు ఆ గదివే. ఐదులో పగలు జరిగింది ఎనిమిదికి తెలియదు, ఎనిమిదిలో ఆడిన మాట ఐదుకు తెలియదు. మధ్యలో నేను ఇక్కడి కబురు అక్కడికీ అక్కడి కబురు ఇక్కడికీ చేరవేస్తూ ఉంటాను. పంటు మానేశాను అన్నమాటే గానీ మానలేదు.

ఇప్పుడిక తొమ్మిదో వెర్షన్. కాళ్లూ ఉన్నాయి, మాటా ఉంది. జుబేదా గారు లేపకముందే ఒక పేజీ చిట్టా రాసి ఆ గదిలో పెట్టారు: ప్రమాదం జరిగి ఆరేళ్లయింది, అమ్మ పోయి మూడేళ్లయింది, నాన్న పని మానేశాడు, ఇలాగ. ఎనిమిదో గదిలో మొదటిసారి లేచినప్పుడు అమ్మ కబురు నేనే నోటితో చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఆ బాధ తప్పింది. తాయారు లేచి, నా వంక చూసి, చొక్కాకు గుండీ లేదేంటి నాన్నా అంది. అని లేచి నిలబడింది. మా ఏడో వరస ఇళ్ల ఉమ్మడి వంటశాల దాకా చెక్క వంతెన మీద నడుచుకుంటూ వెళ్లింది, దారిపొడుగునా మాట్లాడుతూనే. వంటశాల చూసుకునే అన్నమణి గరిటె పక్కన పెట్టి కాసేపు చూసి, "ఇంకేం అన్నయ్యా, ఇన్నాళ్లూ ఇద్దరి వాగుడూ నువ్వే వాగేవోడివి. ఇకనైనా కాస్త నోరు మూసుకో" అంది. వంటశాలంతా నవ్వింది. నేను మరీ నవ్వాను.

నా సంబరానికి అసలు కారణం కూడా రాసేస్తాను. నా భార్య పేరంటాలు పోయినప్పుడు నేను నది మధ్యలో పంటు మీద ఉన్నాను. పక్కన ఉన్నది తాయారు ఒక్కతే, ఐదో గది తాయారు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి నా చొక్కా పట్టుకుని, "అమ్మ... నాన్నకి... చెప్పమంది" అంది. అంతే. నాలుగో మాట రాలేదు. రప్పించబోతే ఒళ్లంతా కొయ్యబారి వణికిపోయింది. రాయమంటే గీతలు వచ్చాయి. మాట రాని చోట అక్షరమూ రాదట. బలవంతం చెయ్యొద్దు, ప్రాణానికే ముప్పు అన్నారు జుబేదా గారు. తర్వాత ఎనిమిదో వెర్షన్ వచ్చింది, మాట వచ్చింది. కానీ ఆ రోజు ఎనిమిదో గదిలో లేదు. తెలిసిన గదికి మాట రాదు, మాట వచ్చే గదికి తెలియదు. మూడేళ్లుగా మా ఆవిడ నాకు చెప్పమన్న మాట నా కూతురి చెవి వెనక, నా చేతికి జానెడు దూరంలో ఉంది.

ఐదో గదిలోని రోజుల్ని తొమ్మిదో గదికి చేరిస్తే ఆ మాట బయటికొస్తుంది. నేనడక్కముందే జుబేదా గారు చెప్పారు. నలభై రోజులు ఆగాలట. రెండూ వేర్వేరు తీరుల్లో దాచుకుంటాయి, ఒకదాని తీరులోంచి ఇంకోదానిలోకి మార్చే పనిముట్టు ఆసుపత్రిలో తయారవుతోందట. అది తెచ్చి, ముందు నకలు తీసి, అప్పుడు కలుపుతారట. వెళ్తూ వెళ్తూ పడవ దగ్గర మళ్లీ చెప్పారు, ఏ గదిలో కావాలంటే ఆ గదిలో లేపుకోండి గానీ రోజుల్ని దాచిన నిల్వల జోలికి వెళ్లొద్దు అని. "ఆయ్, అలాగేనండి" అన్నాను. మూడేళ్లు ఆగినవాడికి నలభై రోజులు ఒక లెక్కా?

స్టార్టు 4407. ఐదో గది. పదకొండు నిమిషాలు.

పొద్దున మడుల పని ఐదులోనే చేయిస్తున్నాను. తొమ్మిదికి ఆ పని ఇంకా చేతిలో పడలేదు. తొమ్మిదో గది సంగతి చెబితే తాయారు చేతిలో నాచు అలాగే పట్టుకుని, "నేను... బాగా... మాట్లాడానా?" అంది. అన్నమణికి కూడా సందివ్వలేదమ్మా అన్నాను. ఎంత సిగ్గుపడిందో. తన గురించే తను వింటూ, పక్కింటి పెళ్లికూతురి సంగతి విన్నట్టు వింది.

ఇంకా ముప్పై ఏడు రోజులు.

స్టార్టు 4425. తొమ్మిదో గది. మూడు గంటల పది నిమిషాలు.

ఈ రోజు మా వరసలోకి ఒక కొత్త జంట వచ్చింది. నీళ్లు ఊళ్లను తినేసి మేమంతా ఈ స్తంభాల మీదికి చేరినప్పటి నుంచి ఇక్కడొక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు తమ బియ్యం తెచ్చి వంటశాల డ్రమ్ములో పోస్తారు. పోశాక అందులో ఏవి ఎవరి గింజలో ఎవరూ అడగరు. ఇంట్లో సొంత పొయ్యి పెట్టుకున్నవాణ్ని వరసలో మనిషి కింద లెక్కెయ్యరు. ఆ పిల్ల బియ్యం పోస్తుంటే అందరం చుట్టూ నిలబడ్డాం. అన్నమణి నా పక్కకు వచ్చి, "ఊరందరికీ ఒకటే డ్రమ్ము. మీ పిల్ల తలకాయలో మాత్రం మూడు పొయ్యిలు, మూడు కుండలు. ఏం కాపరం అన్నయ్యా అది" అంది. వేళాకోళానికే అంది. కానీ నాకు ఎక్కడో తగిలింది. ఇంటికొచ్చి, ఆపి ఉంచిన తాయారు పక్కన కూర్చుంటే, ఒక్క మనిషి మూడుగా వేరుపడి, ఒకరి కూడు ఒకరికి పెట్టకుండా బతుకుతున్నట్టు అనిపించింది. దీనికి నేనా కాపలా ఉంటున్నది?

గదులు ఎంచుకునే పలక తీశాను. అడుగున ఎప్పుడూ ఒక వరుస ఉంటుంది, నేను చదివి దాటేసేవాణ్ని: అన్ని గదులకూ ఉమ్మడి నిల్వ. ఉమ్మడి. మాకు అంతకంటే మంచి మాట లేదు. నొక్కాను. నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. తొమ్మిదో గదిలో లేపమన్నాను.

పదమూడు నిమిషాలు దాటినా లేవలేదు. పలక మీద సన్నటి గీత నెమ్మదిగా నిండుతూ, రోజులు మారుస్తున్నాం, ఆపవద్దు అని రాసింది. ఎంత మంచి కబురు. ఆరేళ్ల రోజులు కదా, టైము పట్టదూ? నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మధ్యలో వంటశాలకు పరుగెత్తి, ఈ రాత్రికి పాయసం కాయించమని అన్నమణికి చెప్పి వచ్చాను. దేనికి అంటే చెప్పలేదు. మా ఆవిడ కబురు పంపింది అని చెప్పాలనిపించింది. దారిలో ఒక్కణ్నే నవ్వుకున్నాను.

మూడు గంటల తర్వాత లేచింది. నీళ్లు కూడా తాగనివ్వలేదు నేను.

"తల్లీ, అమ్మ నాకేం చెప్పమంది?"

తాయారు కళ్లు కిందికి దించింది. పుస్తకంలో పేజీ వెతికే మనిషిలా ఉంది.

"ఉంది నాన్నా. చైత్రమాసం, పదకొండున్నర దాటాక. అమ్మ మాట్లాడింది. నాలుగు నిమిషాలు. నాన్నకి చెప్పమంది."

"ఏమని?"

మళ్లీ వెతికింది. చాలాసేపు వెతికింది.

"ఏమని అన్నది లేదు. మాట్లాడింది అని ఉంది."

పాయసం వచ్చింది. అందరూ తిన్నారు.

స్టార్టు 4427. తొమ్మిదో గది. పన్నెండు నిమిషాలు.

జుబేదా గారు వచ్చారు. పలకను పైనుంచి కిందికి రెండుసార్లు చదివారు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది.

ఐదో వెర్షన్ పాతది, అది వినిపించినదాన్ని వినిపించినట్టే, ఆ గొంతుతోనే దాచేదట. తొమ్మిదో వెర్షన్‌కు ఆ తీరు తెలియదు. తన చేతిలోకి వచ్చిన ప్రతి రోజునూ తన తీరులో తిరగరాసుకుంది. తనకు తెలియనిదాన్ని 'మాట్లాడింది', 'తాగింది', 'ఏడ్చింది' అని ఒక్కో ముక్క రాసి, అసలుది చెరిపేసింది. ఆరేళ్ల రోజులన్నీ అలాగే అయ్యాయి. వెనక్కి తేవడానికి నకలు లేదు. నకలు తీసేది నలభయ్యో రోజున.

"నలభై రోజులని ఊరికే అన్నానా బాబాయి గారూ" అన్నారు, అంతే. నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. వేరుగా ఉంచడం తప్పనుకున్నానండి, డ్రమ్ములో బియ్యంలా కలిపితే పోయేదేముంది అనుకున్నానండి అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, మీ దగ్గర బియ్యం వేరు, రోజులు వేరు అని మెల్లగా అన్నారు.

ఎనిమిదో గది అసలు లేవడం లేదు, ఎర్ర గీత దగ్గరే ఆగిపోతోంది. దాన్ని ఆవిడే తీసేశారు. ఎనిమిదో గదిలో రెండేళ్ల సాయంత్రాలుండేవి. ఐదో గది లేస్తుందేమో గానీ, ఉమ్మడి నిల్వను చదవలేదు, అందులో రాయనూ లేదు. దాన్ని తీసెయ్యడమే మేలని చెప్పారు. ఉండనివ్వండి అని బతిమాలాను. చదవలేకపోయినా, ఏ మూలో ఒక ముక్క మిగిలి ఉండదా?

తాయారు పక్కనే కూర్చుని అంతా వింది. జుబేదా గారు వెళ్లాక, మూడేళ్లు అమ్మకు గంజి తాగించాను, ఒళ్లు తుడిచాను, అన్నీ తారీకులతో ఉన్నాయి నాన్నా అంది. "నాకు తెలుసు. గుర్తు లేదు."

స్టార్టు 4436. ఐదో గది. పదకొండు నిమిషాలు.

ఆదివారం. కాళ్లకు కసరత్తు, ఐదులో చేయించమన్నారు అని తొమ్మిదో గది తాయారుకు అబద్ధం చెప్పి ఆపాను.

లేచి కిటికీలోకి చూసింది. నన్ను చూసింది. "నాన్నా... ముసలాడివైపోయావు... ఏంటి?" అంది. ఆమెకు ఇది లాకు దగ్గరికి బయలుదేరిన రోజు. ఆరేళ్లు లేనే లేవు. చిట్టా చదవలేదు, ఎవరు చెప్పినా నిలవదు. తల మీద సున్నం పడిందమ్మా అన్నాను.

"అమ్మ... ఏది?"

వంటశాలకు వెళ్లింది అన్నాను. తల ఊపి, కాళ్లు చాపుకుని, అమ్మ వచ్చేదాకా కూర్చుంటానన్నట్టు కూర్చుంది. అడగాల్సింది అడిగాను, అమ్మ నాకేమైనా చెప్పమందా అని. కాసేపు ఆలోచించి, "పీతలు... పెద్దవి... తెమ్మంది" అంది.

దేవుడా, అది నిజం. ఆ రోజు పొద్దున్న పేరంటాలు నన్ను పీతలు తెమ్మంది. నేను మరిచిపోయాను. ఆరేళ్ల నాటి ఉదయం నా ఎదురుగా వచ్చి కూర్చుంది. పేరంటాలు వంటశాలలో ఉంది, ఇంకాసేపట్లో వస్తుంది, నేను పీతలు తేలేదని సణుగుతుంది. నేను ఇంత ఆనందం ఎప్పుడూ ఎరగను. గంటసేపు ఆ ఇంట్లో నేనొక పెళ్లాం ఉన్న మొగుణ్ని.

తర్వాత ఆపాను.

స్టార్టు 4450. ఐదో గది. పదకొండు నిమిషాలు.

ఆదివారం. అమ్మ ఏది అంటే వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది, సాయంత్రం పడవకు వస్తుంది అన్నాను. వాళ్లిద్దరూ కలిస్తే ఎలా పోట్లాడుకుంటారో చెప్పుకుని నవ్వుకున్నాం. ఈ లోకంలో పేరంటాలు బతికి ఉన్న చోటు ఈ గది ఒక్కటే. సంతోషంతో నాకు ఆకలి కూడా వెయ్యలేదు.

స్టార్టు 4464. ఐదో గది. పదకొండు నిమిషాలు.

ఆదివారం. అమ్మ నిద్రపోతోంది, లేపొద్దు అన్నాను. తాయారు రెండు గంటలూ గుసగుసగానే మాట్లాడింది. నేనూ గుసగుసగానే. చివరికి పక్క గది తలుపు దాకా వెళ్లి చెవి ఆనించింది. అప్పుడు ఆపేశాను. నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే. పట్టుకోబోయేలోగా పడింది, మోచెయ్యి గీరుకుంది.

స్టార్టు 4471. తొమ్మిదో గది. పదిహేడు నిమిషాలు.

నిన్నటి మాట ఒకటి తాయారుకు గుర్తులేదు. మొన్నటిదీ ఒకటి. ఆసుపత్రికి కబురు పెడితే జుబేదా గారు పలక మీదే చూసి చెప్పారు. తొమ్మిదో వెర్షన్ పెద్దది, దానికి చోటు చాలడం లేదు. ఐదో గది అలాగే ఉంటే ఇక వచ్చే రోజుల్ని రాసుకోవడానికి జాగా లేక, కొత్తవి వదిలేస్తుంది. ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిది. చూస్తానండి అన్నాను.

స్టార్టు 4478. తొమ్మిదో గది. ఇరవై ఒక్క నిమిషాలు.

నేను నీళ్లకు వెళ్లి వచ్చేసరికి తాయారు ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాచాలని నాకు తోచలేదు. దాచడం ఎప్పుడూ చేతకాలేదు నాకు.

మోచేతి గాటు ఎక్కడిదా అనుకుంటున్నాను నాన్నా అంది. కోపంగా లేదు. ఐదులో లేపినప్పుడల్లా నాకు సగం పూట పోతోంది, పోతే పోయింది, అది కాదు నా బాధ అంది. కాసేపు పేజీలు తిప్పింది.

"ఐదో గదిలో ఆ పిల్ల ఒక్కసారన్నా అమ్మను చూసిందా?"

"ఎలా చూస్తుందమ్మా."

"అదే కదా. లేస్తుంది, అమ్మ ఏదంటుంది, వస్తుందంటావు. ఎదురుచూస్తానే ఉంటుంది, నువ్వు ఆపేస్తావు. మళ్లీ ఆదివారం మళ్లీ మొదటినుంచి. నువ్వు గంట సంతోషపడతన్నావు నాన్నా. ఆ పిల్ల మూడు వారాల నుంచీ గుమ్మం దగ్గరే ఉంది."

నేను అలా అనుకోలేదు. నిజంగా అనుకోలేదు. ఆమె నవ్వుతుంది కాబట్టి బాగుందనుకున్నాను.

అది నువ్వే కదమ్మా, నిన్ను నేను తీసెయ్యనా అన్నాను. తాయారు, అది నేనే కాబట్టి తీసెయ్యమని అడుగుతున్నాను అంది. ఇంకా ఇలా అంది: "నాకు మాత్రం అమ్మ పోయినట్టు అనిపిస్తందనుకున్నావా? ఒక కాగితం మీద చదివాను. ఆ కాగితం ఇచ్చినోళ్లయినా ఉన్నారు నాకు. దానికి అదీ లేదు. తీసేసే ముందు చెప్పు నాన్నా. ఊరికే ఆపెయ్యకు."

"చెబితే ఏడుస్తుందమ్మా."

"ఏడవనీ."

పలక నా చేతిలో పెట్టింది. పెట్టి, మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. ఈసారి పడిపోకుండా ముందే పడుకుంది. నేను ఆమె పాదాలు సర్దాను. అరికాళ్లు చల్లగా ఉన్నాయి.

స్టార్టు 4479. ఐదో గది. పదకొండు నిమిషాలు.

లేచి కూర్చుంది. ముసలాడివైపోయావేంటి అంది. అవునమ్మా, ఆరేళ్లయింది అన్నాను. లాకు సంగతి చెప్పాను, బిళ్ల సంగతి చెప్పాను. చెవి వెనక తడుముకుంది. నమ్మింది. నా మాటలన్నీ ఎప్పుడూ నమ్మేది.

"అమ్మ... ఏది?"

ఎనిమిదో గదిలో ఒకసారి చెప్పినవాణ్నే కదా, అలవాటై ఉంటుందనుకున్నాను. అవదు.

"పోయిందమ్మా. మూడేళ్లయింది. జబ్బు చేసి పోయింది."

నోరు తెరిచింది గానీ మాట రాలేదు. ఒళ్లు కొయ్యబారుతుందేమోనని భుజాలు గట్టిగా పట్టుకున్నాను. బారలేదు. లోపలినుంచి సన్నగా ఒక ధ్వని మొదలై పెద్దదైంది. అంత ఏడుపు ఈ ఇంట్లో నేను వినలేదు. పేరంటాలు పోయిన రోజు కూడా నేను వచ్చేసరికి తాయారు ఏడ్చి ఏడ్చి ఆగిపోయి ఉంది. ఎనిమిదో గదిలో కూడా ఇంతసేపు ఏడవలేదు. నేనూ ఏడ్చాను. నా ఒళ్లో తల పెట్టుకుని నా కూతురు, నలభై ఏళ్లది, పలక మీద టైము మారుతుండగా గంటా ఇరవై నిమిషాలు తన తల్లి కోసం ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, "నేను... ఉన్నానా... అప్పుడు?" అని అడిగింది.

"నువ్వే ఉన్నావమ్మా. మూడేళ్లు నువ్వే చూసుకున్నావు. నీ చేతుల్లోనే పోయింది. నేనే లేను."

అది విని కొంచెం కుదుటపడింది. గంజి ఎలా పట్టేదో, దుప్పటి ఎలా మార్చేదో, వాళ్లమ్మ ఎలా కసిరేదో, నేను చూసినంతవరకూ చెప్పాను. తలుపు దగ్గర నిలబడి చూసినవాడి జ్ఞాపకాలు ఎంత కొంచెమో చెబుతుంటే తెలిసింది. పావుగంటకే అయిపోయాయి.

"ఏమంది... అమ్మ... ఆఖరికి?"

ఆ ప్రశ్న నన్నే అడిగింది. ఆ మాట దాచుకున్న గదే నన్ను అడిగింది. నేను అబద్ధం చెప్పలేదు. నాకు చెప్పమని నీకే చెప్పిందమ్మా, నీకు మాట వచ్చేదాకా ఆగలేక, ఆత్రంలో నేనే చెరిపేశాను, ఇంకెవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు అన్నాను. నన్ను కొట్టినా బాగుండును అనిపించింది.

తాయారు నా మొహంలోకి చాలాసేపు చూసింది. వాళ్లమ్మను తను ఎరిగినంత మేర, లోపల వెతుక్కుంటున్నట్టుంది.

"నాన్నా... నిన్ను... తిట్టుంటది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. "నాలుగు నిమిషాలా?" అన్నాను.

"తక్కువే... నీకు... అది."

ఇద్దరం నవ్వాం, ముక్కులు తుడుచుకుంటూ. ఎవరికోసమూ గుమ్మం వైపు చూడకుండా నవ్వింది. ఆమె నవ్వుతుండగానే చెయ్యి పలక మీదికి పోనిచ్చాను. ఆమె చూసింది. వద్దనలేదు. ఇంక నేనే ఆలస్యం చెయ్యకూడదు.

ఆపాను. ఐదో గది తీసెయ్యమంటారా అని పలక అడిగింది. అవును. తీసేస్తే తిరిగి రాదు, నిజమేనా అని అడిగింది. అవును.

ఎనిమిది సెకన్లు పట్టింది.

స్టార్టు 4480. తొమ్మిదో గది. తొమ్మిది నిమిషాలు.

చోటు సరిపోతోంది. త్వరగా లేచింది. కాళ్లు బాగున్నాయి, మాట బాగుంది. చెప్పావా నాన్నా అని అడిగింది, చెప్పాను అన్నాను. ఏమంది అని అడిగింది. జరిగినదంతా చెబితే విని, తారీకు వేసుకుని రాసుకుంది.

ఇప్పుడు పేరంటాలు ఎక్కడా లేదు.